ఎం 1: మైన్లు ఏరడానికి కట్టిన నౌక మిగతా పనులన్నీ చేసింది

జర్మన్ మైన్‌స్వీపర్ (సముద్రంలో పరిచిన మైన్లను తొలగించే నౌక) ఎం 1 సర్వీసు చరిత్రను రెండు మూడు వాక్యాల్లో ముగించేయొచ్చు. హాంబుర్గ్‌లోని ష్ట్యుల్కెన్ యార్డులో కట్టారు. 1937లో నీళ్లలోకి దించారు, 1938లో నౌకాదళంలో చేర్చుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో, 1940 ఏప్రిల్ 9న నార్వేలోని ఎగెర్సుండ్ రేవులో సైనికుల్ని దించింది, ఆ వసంతమంతా నార్వే పడమటి తీరపు ఫియోర్డుల్లో (కొండల మధ్యకి చొచ్చుకొచ్చే ఇరుకు సముద్రపు పాయల్లో) హడావుడి చేసింది, 1945 జనవరి 12న బెర్గెన్‌లో బాంబుదాడిలో మునిగింది. మైన్‌స్వీపర్ చరిత్రలో మైన్ల ఊసే లేకపోవడం వింతగా అనిపిస్తుంది. కానీ ఈ తరహా నౌకల్లో చాలావాటి కథ ఇదే. ఎందుకిలా జరిగిందో తెలియాలంటే ముందు నౌకను చూడాలి, తర్వాత అది లాగిన తీగను చూడాలి. యుద్ధాల వర్ణనలు ఆ తర్వాత.

ఎం 1 అనేది 1935 తరహాలో మొదటిది. ఈ తరహావి మొత్తం 69 కట్టారు. పొడవు 68 మీటర్లు, బరువు పూర్తి లోడుతో 870 టన్నుల పైచిలుకు, వేగం 18 నాట్లు. ముందొకటి, వెనకొకటి 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు, వాటికి తోడు 3.7, 2 సెంటీమీటర్ల విమాన విధ్వంసక తుపాకులు. కావాలంటే వెనక డెక్కు మీద పట్టాలు వేసి 30 మైన్లు మోసుకెళ్లి పరిచి రాగలదు. సిబ్బంది వందమందికి అటూ ఇటూ. అడుగుభాగం నీళ్లలోకి దిగేది రెండు నుంచి రెండున్నర మీటర్ల చిల్లర మాత్రమే.

ఈ చివరి అంకె మీద కాస్త ఆగాలి. లంగరుకు కట్టిన మైన్లను పెద్ద నౌకల కోసం వేసేటప్పుడు నీటిమట్టానికి కొన్ని మీటర్ల లోతున నిలబెడతారు. మైనుకు పైన, నౌక అడుక్కి కింద ఎంత ఖాళీ ఉంటే అంత ప్రాణం. ఆటు సమయంలో నీళ్లు తగ్గితే అదే మైను నౌక అడుక్కి అందేంత పైకి వస్తుంది. అందుకే ఆటుపోట్లు ఎక్కువగా ఉండే ఇంగ్లిష్ ఛానల్‌లో పోటు సమయం చూసుకుని ఏరడం మొదలుపెట్టేవారు. దీనికో తిరకాసు కూడా ఉంది. పోటుతో పాటు ప్రవాహం బలంగా ఉంటే మైనును లంగరు తాడు మీద పక్కకి వాల్చేస్తుంది. వాలిన మైను ఉండాల్సిన చోటు కంటే లోతుకు దిగిపోతుంది, ఏరే తీగ దానికి తగలకుండా తాడు పక్కగానే జారిపోవచ్చు కూడా. ప్రవాహం నెమ్మదించే కొద్దిసేపే మంచి సమయం. ఒక పగలు మొత్తంలో అలాంటి వ్యవధి ఎంతో దొరకదు.

తీగ సంగతికి వద్దాం. లంగరు మైను అంటే మూడు భాగాలు: అడుగున బరువైన లంగరు పెట్టె, మధ్యలో తాడు, పైన గాలి నిండిన ఉక్కు గుండు. జర్మన్ల పెద్ద మైను ఈఎంసీలో 300 కిలోల పేలుడు మందు ఉండేది. గుండు మీద పొడుచుకొచ్చిన సీసపు కొమ్ముల్లో గాజు గొట్టం, దానిలో ఆమ్లం. కొమ్ము వంగితే గొట్టం పగిలి, ఆమ్లం కింది పలకల మీద పడి బ్యాటరీలా కరెంటు పుట్టిస్తుంది. దాంతో మైను పేలుతుంది. బ్యాటరీ ముందుగా ఉండదు కాబట్టి డిశ్చార్జి కావడం అన్న సమస్యే లేదు. ఏళ్ల తరబడి నీళ్లలో ఉన్నా కొమ్ము వంగితే చాలు. యుద్ధం అయిపోయాక కూడా ఈ మైన్లతో ఇబ్బంది పడింది అందుకే.

ఏరడమంటే గుండును ముట్టుకోకుండా తాడును కోయడం. నౌక వెనక నుంచి ఉక్కు తీగను నీళ్లలోకి వదులుతారు. నౌక దగ్గరి కొసను కిందికి లాగి ఉంచడానికి ఒక వాలు పలకల చట్రం, దూరపు కొసను పక్కకి తోయడానికి ఇంకో చట్రం. ఈ రెండోదాన్నే ఆటర్ అంటారు. నీళ్ల ఒత్తిడి వాలుగా ఉన్న పలకల మీద పడి దాన్ని నౌక నుంచి దూరంగా నెడుతుంది, దారం చివర గాలిపటం నిలబడ్డట్టు. ఆటర్ పైన నీటి మీద తేలే ఒక బోయ ఉంటుంది. అది లోతును నిర్ణయిస్తుంది, తీగ కొస ఎక్కడుందో కూడా కంటికి చూపిస్తుంది. తీగ పొడవునా అక్కడక్కడా కోత పరికరాలు బిగిస్తారు. కొన్ని పళ్లున్న దవడల్లాంటివి, కొన్ని చిన్న పేలుడు మందుతో ఉలిని తోసేవి. మైను తాడు తీగ మీద జారుతూ వచ్చి దవడలో పడితే తెగుతుంది, మైను పైకి తేలుతుంది. తేలిన మైనును తుపాకీతో కాలుస్తారు.

చెప్పడానికి తేలికగా ఉంది. చెడిపోయే తీరు మాత్రం ఇలా ఉంటుంది.

వేగం తగ్గితే పలకల మీద ఒత్తిడి తగ్గుతుంది, ఆటర్ కిందికి దిగి సముద్రపు అడుగును పట్టుకుంటుంది, తీగ తెగుతుంది లేదా తీగను చుట్టే వించి డ్రమ్ము మీద పడే లాగుడు అదుపు తప్పుతుంది. వేగం పెరిగితే తీగ లాగుడుకి బిగిసి పైకి లేస్తుంది, లోతు తప్పుతుంది. కాబట్టి 18 నాట్ల నౌక అయినా ఏరేటప్పుడు దాదాపు సగం వేగంతోనే పోవాలి. మలుపు తిప్పేటప్పుడు లోపలి వైపు ఆటర్‌కి నీళ్ల ఊపు అందదు, అది చతికిలబడుతుంది. అందుకని పెద్ద వలయంలో నెమ్మదిగా తిరగాలి, లేదా తీగలు లోపలికి చుట్టుకుని తిరిగి మళ్లీ వదలాలి. పేలుడు కోతలు ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తాయి. వాడింది మార్చకపోతే తర్వాతి మైను తాడు అక్కడికి వచ్చి ఊరకే ఆగిపోతుంది. అన్నిటికంటే చెడ్డది, తెగని మైను తీగకు చిక్కుకుని, తీగ చుట్టుకుంటుంటే వెనక డెక్కు వైపుకే వచ్చేయడం. నీళ్లలో గుండు కనిపించిన క్షణాన వించి ఆపి, తీగ మొత్తాన్ని కోసి వదిలేయడమే దారి. అందుకే వెనక డెక్కు మీద గొడ్డలో కట్టరో చేతికందేలా ఉండాల్సిందే.

తేలిన మైనును కాల్చడం కూడా అందరూ అనుకున్నట్టు ఉండదు. ఎక్కువసార్లు గుండుకు చిల్లులు పడి, నీళ్లు నిండి, పేలకుండానే మునిగిపోతుంది. కొమ్ముకు తగిలితేనే పేలుడు. మునిగినది అడుగున పడి ఉంటుంది. లెక్కలో అది తొలగించినట్టే, కానీ మందు లోపలే ఉంది. జాలర్ల వలల్లోకి దశాబ్దాల తర్వాత వచ్చేవాటిలో ఇలాంటివీ ఉంటాయి.

ఎదుటివాడూ ఊరుకోడు. మైన్ల వరసకు ముందు చిన్న బోయలు వేస్తారు. వాటి తాడుకు కోతలు లేదా చిన్న పేలుడు గుండ్లు ఉంటాయి, ఏరే తీగనే తెంపుతాయి. జర్మన్లు తమ మైన్ల వరసలకు ఇలాంటి కాపలా బోయలు విరివిగా వాడారు. ఇంకొందరు తాడుకు బదులు పై భాగాన గొలుసు పెట్టేవారు, మామూలు దవడలు దాన్ని కోయలేవు. అంటే రెండు మూడు తీగలు పోగొట్టుకుంటే తప్ప అసలు మైను దగ్గరికి పోలేరు. తీగ, ఆటర్లు, కోతలు ఎన్ని అదనంగా మోసుకెళ్తే అన్ని గంటలు పని. మైన్‌స్వీపర్ వెనక డెక్కు అంత వెడల్పుగా, ఖాళీగా ఉండేది అందుకే.

నౌకలు ఒకదాని వెనక ఒకటి కాకుండా మెట్ల వరసలా పక్కకి జరుగుతూ పోతాయి. రెండోది మొదటిదాని తీగ ఊడ్చిన పట్టీలోనే నడుస్తుంది, మూడోది రెండోదాని పట్టీలో. ముందు వెళ్లేదానికి మాత్రం ఊడ్చిన దారి ఉండదు. వెనక ఒక నౌక ఊడ్చిన అంచు మీద జెండా కర్ర ఉన్న బోయలు వరసగా వేస్తూ వస్తుంది. రాత్రికి ప్రవాహానికి ఒక బోయ జరిగినా మర్నాటి కాన్వాయ్, అంటే కలిసి వెళ్లే నౌకల గుంపు, దారి తప్పుతుంది. మైన్‌స్వీపర్లు పోవడానికి కారణాల్లో ఇదీ ఒకటి, ఊడ్చామనుకున్న దారి నిజానికి ఊడ్చింది కాకపోవడం.

ఇంత నెమ్మదైన, విసుగైన, గంటకి ఇంతే అన్న పనికి 1935 తరహా నౌక కావాలా? నా అభిప్రాయం, అక్కర్లేదు. అది మరీ మంచి నౌక. ఆయిల్‌తో నడిచే అధిక పీడన బాయిలర్లు, ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఇంజన్లు, వాటి నుంచి బయటికొచ్చే ఆవిరిని మళ్లీ వాడుకునే టర్బైను. రెండు 10.5 ఫిరంగులు. పాత తరం చిన్న టార్పెడో బోటుకు దీటుగా నిలబడగలదు. జర్మన్ నౌకాదళానికి ఎస్కార్టు నౌకలు, అంటే మిగతా నౌకలకు కాపలాగా వెంట వెళ్లేవి, అతి తక్కువ. చేతిలో ఉన్న ప్రతి మంచి నౌకా ఎస్కార్టు అయిపోయింది. ఎం 1 జీవితం మలుపు తిరిగింది సరిగ్గా అక్కడే.

నార్వే దాడి ప్రణాళికలో ఆరో గుంపు అంటే నాలుగు మైన్‌స్వీపర్లు: ఎం 1, ఎం 2, ఎం 9, ఎం 13. మోసింది 69వ పదాతి డివిజన్‌కు చెందిన సైకిల్ దళాన్ని, 150 మంది దాకా. లక్ష్యం ఎగెర్సుండ్. ఊరు చిన్నదే, కానీ ఇంగ్లండ్‌కి పోయే టెలిగ్రాఫ్ కేబుల్ అక్కడ ఒడ్డెక్కుతుంది. పొగమంచులో గుంపు చెదిరిపోయింది. తెల్లవారుజామున ఎం 1 రేవులోకి వచ్చి మనుషుల్ని దించింది, రేవుకు కట్టేసి ఉన్న నార్వే టార్పెడో బోటు స్కార్వ్‌ను పోరాటం లేకుండానే పట్టుకున్నారు. మైన్‌స్వీపర్‌ను ఎంచుకోవడానికి కారణాలు తేలికగా అర్థమవుతాయి: లోతు తక్కువ రేవుల్లోకి పోగలదు, వెనక డెక్కు ఖాళీ, సైకిళ్లు పెట్టుకోవచ్చు. ఏరే తీగ కోసం కట్టిన డెక్కు సైకిళ్ల స్టాండు అయిపోయింది.

అదే రోజు ఉదయం ఆస్లో ఫియోర్డులోని హోర్టెన్ దగ్గర ఇలాంటి ప్రయత్నమే ఎదురుదెబ్బ తింది. అక్కడ సైనికుల్ని దించడానికి వచ్చిన ఆర్-బోటు ఆర్ 17ను నార్వే మైన్లు వేసే నౌక ఓలావ్ ట్రుగ్వాసన్ ముంచేసింది. ఆర్-బోట్లు కలప తొడుగు ఉన్న చిన్న మైన్‌స్వీపర్లు, ఫిరంగి గుళ్లకి నిలిచేవి కావు.

ఎం 1 కెప్టెన్ హాన్స్ బార్టెల్స్. నార్వేలో చేసినదానికి 1940 మేలో ఆయనకు జర్మన్ శౌర్య పతకం నైట్స్ క్రాస్ ఇచ్చారు, నౌకకి "ఫియోర్డుల పులి" అన్న పేరు వచ్చింది. ఆ కాలపు జర్మన్ ప్రచారం ఆ పేరును బాగానే వాడుకుంది. పేరు పక్కన పెట్టి చూస్తే, అది చేసింది ఫియోర్డుల్లో తిరుగుతూ రేవుల్లో మనుషుల్ని దించడం, చిన్న నార్వే నౌకల్ని పట్టుకోవడం. లోతు తక్కువ అడుగు, 18 నాట్లు, రెండు ఫిరంగులు ఉన్న నౌకకి ఆ ఇరుకు నీళ్లలో ఎదురులేదు. మైన్లు ఏరడంలో దానికి ఇంత పేరు ఎన్నటికీ వచ్చేది కాదు.

ఇంతలో మైన్లే మారిపోయాయి. 1940 ఏప్రిల్ 13 రాత్రి బ్రిటిష్ హాంప్‌డెన్ విమానాలు డెన్మార్క్ చుట్టూ అయస్కాంత మైన్లు జారవిడవడం మొదలుపెట్టాయి. యుద్ధం ముగిసేసరికి బ్రిటిష్ బాంబర్ దళం వేసిన మైన్లు సుమారు 47,000. ఇవి అడుగున పడుకునేవి. తాడు ఉండదు, కోయడానికేమీ లేదు. పైనుంచి ఉక్కు వెళ్తే భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పును పసిగడతాయి. ఎం 1 లాంటి 870 టన్నుల ఉక్కు వీటి ముందు ఏరేదిగా కాదు, ఎరగా మిగులుతుంది. నౌక చుట్టూ కేబుల్ చుట్టి కరెంటు పంపి సొంత అయస్కాంతత్వాన్ని తగ్గించుకునే ఏర్పాటు ప్రతి నౌకకీ పెట్టారు. కానీ దాన్ని రేవును బట్టి, దిశను బట్టి సరిచేసుకోవాలి. ఉక్కు నౌక ఉత్తరానికి ముక్కుపెట్టి నెలలు నిలబడితే ఒక రకంగా, తూర్పుకు పెట్టి నిలబడితే ఇంకో రకంగా అయస్కాంతం ఎక్కుతుంది. ఫిరంగులు పేల్చిన అదురుకు కూడా మారుతుంది. నెలకింద కొలిచిన లెక్కను నమ్ముకుని పోతే కాయిల్ ఉండి కూడా ఉపయోగం లేదు.

అయస్కాంత మైన్లను పేల్చడానికి జర్మన్లు మూడు దారులు పట్టారు. ఒకటి, వెనక కాయిల్ చుట్టిన బోలు ఉక్కు కడ్డీల్ని తేలగట్టి లాగడం. రెండు, పొడవాటి తేలే కేబుల్ వదిలి, ఉప్పునీళ్ల గుండా భారీ కరెంటును దఫదఫాలుగా పంపడం. దిశ మార్చి మార్చి పంపాలి, ఎందుకంటే ఏ మైను ఏ ధ్రువానికి పేలుతుందో పైనుంచి తెలియదు. మూడోది ష్పెర్‌బ్రెఖర్: పాత సరుకు నౌకని తెచ్చి, అడుగు గదుల్ని నీళ్లలో తేలే సరుకుతో నింపి, ముందు భాగంలో పెద్ద విద్యుదయస్కాంతం పెట్టి, కాన్వాయ్‌కి ముందు నడిపించడం. మైను ముందే పేలితే సరే, కింద పేలినా తేలుతుందన్న లెక్క. ఆ లెక్క సగమే పనిచేసింది, ఇలా వాడిన నౌకల్లో దాదాపు సగం పోయాయి. ఇవి కాక జంకర్స్ 52 విమానాలకు 14 మీటర్ల వ్యాసం గల లోహపు చక్రం తగిలించి, జనరేటర్‌తో కరెంటు ఇచ్చి, నీటికి కొన్ని పదుల మీటర్ల ఎత్తున ఎగురుతూ మైన్లు పేల్చేవారు. లోతు ఎక్కువున్న చోట దాని క్షేత్రం అడుగుదాకా చేరదు, కాబట్టి నదీముఖాల్లో, రేవుల ముందరే దానికి పని.

మైనులో లెక్కపెట్టే యంత్రం వచ్చాక పని ఎన్నో రెట్లు పెరిగింది. మొదటి అయిదు నౌకల్ని వదిలేసి ఆరోదానికి పేలేలా పెట్టారనుకుందాం. అయిదుసార్లు ఊడ్చి "శుభ్రం" అని రాసుకుంటే, ఆరోది కాన్వాయ్‌లో మొదటి నౌక. ఎన్ని లెక్కకి పెట్టారో తెలియదు కాబట్టి అదే పట్టీని పదే పదే ఊడ్చాలి. శబ్దానికి పేలేవి కూడా చేరాక, శబ్దం పుట్టించే బోయను లాగుతూ దాంతో పాటే అయస్కాంత కేబుల్‌నూ లాగాలి, ఎందుకంటే కొన్ని మైన్లకి రెండూ కలిస్తేనే తృప్తి. ఈ పనికి పెద్ద ఉక్కు నౌక కంటే చిన్న కలప పడవే మెరుగు. ఆర్-బోట్లలో చాలావాటికి ఫోయిట్-ష్నైడర్ ప్రొపెల్లర్ ఉండేది: అడుగున నిలువు బ్లేళ్లతో తిరిగే చక్రం, చుక్కానితో పని లేకుండా ఏ దిక్కుకైనా తోస్తుంది. ఇరుకు రేవులో తీగలతో తిప్పడానికి దాన్ని మించింది లేదు. యుద్ధం గడిచేకొద్దీ నిజంగా ఏరే పని ఆర్-బోట్లకీ, 24 మీటర్ల యుద్ధ చేపల పడవలకీ పోయింది. ఈ చేపల పడవలు 600కి పైగా తయారయ్యాయి.

ఎం 1 లాంటి పెద్ద ఎం-బోట్లనూ వదిలేయలేదు. 1935 తరహా కట్టడం ఆపి 1940 తరహా మొదలుపెట్టారు. ఇవి 127 కట్టారు, ఆక్రమించిన హాలండ్ యార్డుల్లో కూడా. ముఖ్యమైన మార్పు బొగ్గు. జర్మనీ దగ్గర ఆయిల్ లేదు, బొగ్గుంది. పొడవు 62 మీటర్లు, వేగం 17 నాట్లు, బొగ్గు 150 టన్నులకు పైగా. కష్టాలూ దానితోనే వచ్చాయి. బొగ్గు పొగ దూరం నుంచి కనిపిస్తుంది, ఎత్తులో ఉన్న విమానానికి మరీను. బాయిలర్లలో బొగ్గు వేసే స్టోకర్లు ఎక్కువమంది కావాలి. ఆయిల్ గొట్టం తగిలించి నింపుకున్నంత తేలిక కాదు, బొగ్గు ఎక్కించడానికి రేవులో గంటలు ఆగాలి. ఆ ఆగిన గంటల్లోనే విమానాలు వస్తాయి. అయినా ఆయిల్ కోసం వారాల తరబడి రేవులో పడి ఉండే నౌక కంటే పొగ వదిలినా కదిలే నౌక మేలు. నా మాట అడిగితే, నౌకగా 1935 తరహా గొప్పది, యుద్ధానికి 1940 తరహా సరైనది.

ఇంగ్లిష్ ఛానల్‌లో ఈ నౌకలు అసలు పనీ, ఎస్కార్టు పనీ రెండూ చేశాయి. 1942 ఫిబ్రవరిలో పెద్ద జర్మన్ యుద్ధనౌకలు షార్న్‌హోర్స్ట్, గ్నైసెనావ్, ప్రింజ్ యూగెన్ ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ నుంచి ఛానల్ దాటి జర్మనీకి పోవడానికి ముందు వారాల తరబడి రాత్రుళ్లు దారి ఊడ్చారు. అంత చేసినా ఫిబ్రవరి 12న షార్న్‌హోర్స్ట్ రెండు మైన్లకు, గ్నైసెనావ్ ఒకదానికి తగిలాయి. దాన్ని వైఫల్యం అనడం అన్యాయం. విమానం రాత్రికి రాత్రి కొత్త మైను వేసి పోతే నిన్న ఊడ్చిన పట్టీకి విలువ లేదు. 1944 జూన్ 14న జెర్సీ దీవి దగ్గర బ్రిటిష్ డిస్ట్రాయర్ అశాంటీ, పోలిష్ డిస్ట్రాయర్ పియోరున్ కలిసి ఎం-బోట్ల గుంపు మీద పడి ఎం 343ను ముంచాయి. 10.5 ఫిరంగులు డిస్ట్రాయర్ల 12 సెంటీమీటర్ల ఫిరంగుల ముందు నిలిచేవి కావు.

అదే వేసవిలో సెన్ అఖాతంలో జర్మన్లు పీడన మైన్లు వాడారు. నౌక కదిలితే అడుగున నీళ్ల ఒత్తిడి తగ్గుతుంది, దానికి పేలుతుంది. దాన్ని మోసం చేయాలంటే నిజమైన నౌకంత ఆకారమే కదలాలి. ఏ తీగా, ఏ కేబులూ పనికిరావు. నెమ్మదిగా పోవడం ఒక్కటే రక్షణ.

1943 తరహా గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ముక్కలుగా వేర్వేరు చోట్ల చేసి యార్డులో అతికించే పద్ధతి, యుద్ధం ముగిసేలోగా పూర్తయినవి 18. వీటిలో ఎం 612 పేరు మాత్రం గుర్తుండిపోయింది, మైన్ల వల్ల కాదు. 1945 వసంతంలో, యుద్ధం ఆఖరి వారాల్లో సర్వీసులో చేరింది. మే 4 సాయంత్రం ల్యూనెబుర్గ్ దగ్గర వాయవ్య జర్మనీ, డెన్మార్క్, హాలండ్‌లలో ఉన్న జర్మన్ దళాల లొంగుబాటు ఒప్పందం జరిగింది, అది మే 5 ఉదయం 8 గంటలకు అమల్లోకి వచ్చింది. అదే రోజు ఎం 612ను ఇంకా తూర్పుకు పంపడాన్ని సిబ్బంది ఎదిరించి, అధికారుల్ని బంధించి నౌకను వెనక్కి తిప్పారు. డెన్మార్క్‌లోని సోండర్‌బోర్గ్ దగ్గర వాళ్లను పట్టుకుని, ఆ రాత్రే 11 మంది నావికుల్ని నౌక మీదే కాల్చి చంపి, శవాలకు బరువులు కట్టి సముద్రంలో వేశారు. లొంగుబాటు అమల్లోకి వచ్చిన గంటల తర్వాత.

ఎం 1 అప్పటికే లేదు. 1945 జనవరి 12న బెర్గెన్‌లోని జలాంతర్గాముల బంకర్ మీదికి 9, 617 స్క్వాడ్రన్ల బ్రిటిష్ లాంకాస్టర్ బాంబర్లు టాల్‌బాయ్ బాంబులతో వచ్చాయి. ఒక్కో టాల్‌బాయ్ 5 టన్నుల పైచిలుకు, లోతుకు చొచ్చుకుపోయి పేలడానికి చేసింది. రేవులో ఉన్న ఎం 1 ఆ దాడిలో మునిగింది. 30 మైన్లు మోసే స్థోమత ఉన్న నౌకను ముంచిన ఆ దాడిలో ఒక్కో బాంబే ఎన్నో మైన్లంత.

మిగిలిన ఎం-బోట్ల అసలు సర్వీసు లొంగుబాటు తర్వాతే మొదలైందంటే అతిశయోక్తి కాదు. 1945 జూన్‌లో మిత్రరాజ్యాలు జర్మన్ మైన్‌స్వీపింగ్ అడ్మినిస్ట్రేషన్ అన్న సంస్థను పెట్టాయి. బ్రిటిష్ పర్యవేక్షణ, జర్మన్ అధికారులు, జర్మన్ నావికులు సుమారు 27,000 మంది, 300 దాకా నౌకలు. పైకి అధికార చిహ్నాలు తీసేశారు, అంతర్జాతీయ సంకేత జెండాల్లోని 'సి' జెండాకు కొసన త్రికోణం కోసి ఎగరేశారు. పని ఉత్తర సముద్రం, డెన్మార్క్ జలసంధులు, నార్వే, హాలండ్ తీరాలు. ఇప్పుడు ఎదురుకాల్పులు లేవు, విమానాలు రావు, కానీ మైన్లకు యుద్ధం ముగిసిన వార్త అందలేదు. ఈ పనిలో 300 మందికి పైగా చనిపోయారు. సోవియట్ల అభ్యంతరాల వల్ల 1947 చివర్లో సంస్థను రద్దు చేశారు. కొద్దిమందితో కుక్స్‌హాఫెన్‌లో బ్రిటిష్ వారి కింద ఒక చిన్న దళం 1951 దాకా నడిచింది, బ్రెమర్‌హాఫెన్‌లో అమెరికన్ల కింద మరొకటి. 1956లో పశ్చిమ జర్మనీ నౌకాదళం పుట్టినప్పుడు మొదటి నావికుల్లో చాలామంది అక్కడి నుంచే వచ్చారు. విజేతలు పంచుకున్న ఎం-బోట్లలో కొన్ని ఫ్రాన్స్ నుంచి తిరిగొచ్చి సముద్ర జంతువుల పేర్లతో మళ్లీ సర్వీసులో చేరాయి.

ఇలాంటి ఒక నౌక రికార్డును వెతకాలనుకునేవాళ్లకి కొన్ని ఆచరణ సంగతులు. మొదటిది, నంబరును నమ్మొద్దు. మొదటి ప్రపంచయుద్ధంలో కూడా ఎం 1 ఉంది. అప్పటి బొగ్గు నౌకలు చాలా 1939లో ఇంకా పనిలో ఉన్నాయి. 1939 అక్టోబర్ 1న పోలిష్ జలాంతర్గామి ష్బిక్ వేసిన మైనుకు పోలండ్ తీరంలోని హెల్ దగ్గర మునిగిన ఎం 85 అలాంటి పాతదే, 1935 తరహాది కాదు. కొత్త నౌకలకు నంబర్లు అడ్డురాకుండా 1940లో పాతవాటిని 500ల వరసలోకి మార్చారు. అంటే జాబితాలో 500 దాటిన చిన్న అంకె కనిపిస్తే అది పాత నౌక కావచ్చు, 601 మీదివి అయితే 1943 తరహావి.

రెండోది, స్థలం. జర్మన్ యుద్ధ డైరీల్లో అక్షాంశ రేఖాంశాలకు బదులు రెండు అక్షరాలు, నాలుగు అంకెలు ఉన్న గడి పేరు ఉంటుంది. అతి చిన్న గడి భుజం 6 నాటికల్ మైళ్లు. దాన్ని ఒక బిందువుగా మార్చి మ్యాపు మీద పెడితే, నౌక నిజంగా ఉన్న చోటికి మూడు నాలుగు మైళ్లు తేడా రావడం మామూలే. మైన్ల వరస వెడల్పు కంటే అది ఎక్కువ.

మూడోది, సమయం. జర్మన్ లాగ్‌బుక్ జర్మన్ గడియారంతో, బ్రిటిష్ లాగ్‌బుక్ వాళ్ల గడియారంతో నడుస్తుంది, వేసవిలో ఇద్దరూ ముళ్లు ముందుకు తిప్పుతారు. ఒకే రాత్రి జరిగిన పోరాటానికి రెండు పక్షాలూ వేర్వేరు గంటలు, అర్ధరాత్రి దాటితే వేర్వేరు తేదీలు కూడా రాస్తారు. పోటు వేళలతో సరిపోల్చి చూస్తే ఏ గడియారమో చాలాసార్లు తేలిపోతుంది, ఎందుకంటే ఎవరూ ఆటు వేళ ఏరడానికి బయలుదేరరు.